కషాయం పని కషాయానిదే

బిర్యానీ తింటుంటే వేళ్లకు తగిలి, పళ్లెం అంచుకు చేరే నక్షత్రం ఒకటుంటుంది. ఎనిమిది రేకలు, రేకకో నున్నటి గోధుమరంగు గింజ. అనాస పువ్వు. పేరుకే పువ్వు, నిజానికి అది ఎండిన కాయ. పోపుల డబ్బాలో లవంగాలకీ మరాటి మొగ్గలకీ మధ్య ఎవరికీ పట్టకుండా పడి ఉండే ఈ కాయ కోసం 2005లో మందుల కంపెనీలు పోటీలు పడ్డాయి. బర్డ్ ఫ్లూ మనుషుల్లోకి పాకుతుందేమోనని దేశాలన్నీ భయపడుతున్న రోజులవి. ఫ్లూకి ఉన్న కొద్దిపాటి మందుల్లో ముఖ్యమైనది టామీఫ్లూ. దాన్ని తయారు చెయ్యాలంటే షికిమిక్ ఆమ్లం కావాలి. అప్పట్లో ఆ ఆమ్లాన్ని ఎక్కువగా తీసేది దక్షిణ చైనా కొండల్లో పండే అనాస పువ్వు నుంచే. అందరికీ సరిపడా మందు తానొక్కతే తయారు చెయ్యలేక, ఆ ఏడాది చివర్లో టామీఫ్లూ తయారీదారు రోష్ కంపెనీ మన హైదరాబాదులోని హెటెరో కంపెనీకి కూడా తయారీ అనుమతి ఇచ్చింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల చేతుల్లో పెట్టిన గొట్టం మాత్రల్లో ఉన్నది ఆ మందే, ఒసెల్టామివిర్.

ఈ కథ వినగానే మనలో చాలామందికి తోచేది ఒకటే: ‘చూశారా, మందంతా మన మసాలా డబ్బాలోనే ఉంది!’

అక్కడే పప్పులో కాలేస్తాం. షికిమిక్ ఆమ్లాన్ని నేరుగా తాగితే ఫ్లూ వైరస్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దాన్ని పదో పన్నెండో రసాయన మార్పులకు గురిచేస్తేనే చివరికి మందవుతుంది. పువ్వులో ఉన్నది ఇటుక, మందు ఇల్లు. ఇటుక నెత్తిన పెట్టుకుని నిలబడితే వాన ఆగదు కదా. పైగా ఈ పువ్వుకి జపాన్‌లో అచ్చం ఇలాగే ఉండే జ్ఞాతి ఒకటుంది, అది విషం. రెండూ కలిసిపోయిన టీ తాగి పసిపిల్లలు మూర్ఛలతో ఆసుపత్రుల పాలైతే, అనాస పువ్వు టీ తాగొద్దని 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఏటా తొలకరి పడగానే ఫోన్లలోకి సందేశాలు మొదలవుతాయి. ఫ్లూ టీకా దండగ, తులసి, మిరియాలు, తిప్పతీగ, పసుపు చాలు, ‘సహజంగా’ కాపాడుకోండి అని. వాటిలో చెప్పే దినుసులన్నీ నేను చిన్నప్పటి నుంచీ పుచ్చుకుంటున్నవే. నా పేచీ దినుసులతో కాదు, ‘టీకాకి బదులు’ అనే మాటలోని ‘బదులు’తో.

నాయనమ్మ వంటిల్లు

మా నాయనమ్మ దగ్గర జలుబు వైద్యానికి ఏ పుస్తకమూ ఉండేది కాదు. గొంతు పట్టేస్తే మిరియాలు, శొంఠి, ధనియాలు దంచి మరిగించి, బెల్లం వేసిన కషాయం. దగ్గు తగిలితే బుగ్గన కరక్కాయ ముక్క. రాత్రి పాలల్లో పసుపు. ముక్కు దిబ్బడ వేస్తే పసుపు వేసిన వేన్నీళ్లు, దుప్పటి ముసుగు, ‘ఇంకాసేపు, ఇంకాసేపు’ అని పైనుంచి అరుపులు. వామాకు బజ్జీలకి మాత్రం మాకు రోగం వంక కూడా అక్కర్లేదు.

ఇవి పనిచేస్తాయా? చేస్తాయి. వేడి నీరు కఫాన్ని పలచబరుస్తుంది, జ్వరంలో ఒంట్లోంచి పోయిన నీళ్లని తిరిగి చేరుస్తుంది. ఏడాది దాటిన పిల్లల్లో రాత్రిపూట దగ్గుకి చెంచాడు తేనె కాస్త ఉపశమనం ఇస్తుందని పరీక్షల్లోనూ తేలింది. ఉప్పునీళ్ల పుక్కిలింత గొంతుకి హాయి. హైదరాబాదులో 1920 నుంచీ తయారవుతున్న జిందా తిలిస్మాత్ సీసా మూత తియ్యగానే నీలగిరి తైలం ఘాటు ముక్కులోకి దూసుకుపోతుంది చూడండి, ఆ క్షణంలో సగం రోగం పోయినట్టుంటుంది. ఇలాంటి మందుల్లో పుదీనా పువ్వు, అంటే మెంథాల్, చేసే పనిలో ఒక చమత్కారం ఉంది. అది ముక్కు దిబ్బడని నిజంగా తీసెయ్యదు. ముక్కులో చల్లదనాన్ని గుర్తించే నరాలని తట్టి, గాలి బాగా ఆడుతోందని మెదడుని నమ్మిస్తుంది. మోసమే, కానీ నిద్ర పట్టని రాత్రి అంతకంటే తియ్యని మోసం ఇంకొకటి ఉండదు.

అయితే ఇవన్నీ చుట్టం ఇంట్లో దిగాక చేసే మర్యాదలు. గుమ్మం దగ్గరే ఆపే పని వీటిది కాదు. నాయనమ్మ కూడా వాటికి ఆ పని అప్పజెప్పలేదు. మసూచి రోజులు చూసిన మనిషి ఆవిడ. అమ్మవారు పోసిన ఇంట్లో వేపాకు పరిచేవాళ్లని, దురద పెడితే వేపమండతో నిమిరేవాళ్లని చెప్పేది. వేపాకు దురదని తగ్గించింది. మసూచిని ఈ నేల మీంచి తరిమింది మాత్రం టీకా. మనదేశంలో చివరి కేసు 1975లో. వేపాకు గొప్పదా టీకా గొప్పదా అన్న తగువు ఆ తరంలో మా ఇంట్లో ఎవరూ పడినట్టు నాకు తెలియదు. చంకలో బిడ్డని ఎత్తుకుని వేపాకూ కోశారు, టీకాలవాళ్లు వస్తే చెయ్యీ చాపారు.

బ్యాటరీ కాదు

2020 తర్వాత మన భాషలో పాతుకుపోయిన మాట ‘ఇమ్యూనిటీ బూస్టర్’. బిస్కట్ల నుంచి చ్యవనప్రాశ దాకా అన్నిటి మీదా అదే ముద్ర. రోగనిరోధక శక్తి అంటే సెల్‌ఫోను బ్యాటరీ లాంటిదని, నలభై శాతం ఉంటే ఎనభై శాతానికి ఎక్కించుకోవచ్చని ఈ మాట చెప్పకుండానే చెబుతుంది. ఒంట్లో అలాంటి మీటరేదీ లేదు. ఉన్నా దాన్ని అదే పనిగా పెంచుకోవాలనుకోవడం ప్రమాదం. 1918 ఇన్‌ఫ్లూయెంజాలో పసివాళ్లూ ముసలివాళ్లే కాదు, ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య దిట్టమైన మనుషులు రాలిపోయారు. వైరస్ మీద ఒళ్లు తిరగబడిన తీరే కొంతమంది ఊపిరితిత్తులని ముంచేసి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం. మనవాళ్లు బొంబాయి జ్వరం అన్న ఆ జబ్బు మనదేశంలో బలిగొన్నవాళ్లు కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది దాకా ఉంటారని అంచనా.

ఒంటికి కావలసింది బలం కంటే ముందు ఆనవాలు. ఊరి కాపలావాడికి రోజూ నెయ్యి వేసి అన్నం పెట్టినా, దొంగ మొహం తెలియకపోతే వాడికి సలాం చేసి లోపలికి పంపిస్తాడు. ఫ్లూ వైరస్ ఒంటి మీద ముళ్లలాంటి మాంసకృత్తులుంటాయి. మన గొంతులోని కణాలకు అంటుకునేది వాటితోనే. టీకా చేసేది ఆ ముల్లు ఆకారాన్ని ముందే చూపించడం. చూసిన ఒళ్లు దానికి సరిగ్గా సరిపోయే ప్రతిదేహాలని తయారు చేసుకుంటుంది. దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. తులసి ఆకులో ఎన్ని సుగుణాలైనా ఉండొచ్చు, ఈ ఏడాది తిరుగుతున్న వైరస్ ఫొటో మాత్రం ఉండదు.

ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, టీకాలో ఏ రకాలు ఉండాలో తేలుస్తారు. ‘బి యమగాటా’ అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనిపించలేదు. దాంతో నాలుగు రకాల టీకా మళ్లీ మూడు రకాలకి వచ్చింది. మాస్కులు కట్టుకుని ఇళ్లలో కూర్చున్న కాలంలో మనుషులు తెలియకుండానే ఒక రకాన్ని కనుమరుగు చేశారన్నమాట. టీకా కూడా చెయ్యని పని అది.

గాజునాళికలో ఇంగువ

మృగశిర కార్తె రోజున చేపలు తినే ఇళ్లు కొన్ని, తినని ఇళ్లలో బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి మింగించడం ఆచారం. ఎండల్లోంచి ఒక్కసారిగా వానల్లోకి వెళుతున్న ఒంటికి వేడి అందించాలని పెద్దల ఉద్దేశం. ఆ ఇంగువకి ఫ్లూతో ఒక పాత బంధుత్వం ఉంది. 1918లో అమెరికాలో పిల్లల మెళ్లో ఇంగువ పొట్లాలు కట్టేవాళ్లు. (వాసనకి ఎవరూ దగ్గరికి రారు, ఆ రకంగా పనిచేసిందేమో!) 2009లో తైవాన్ పరిశోధకులు ఇంగువ మొక్క వేరు నుంచి తీసిన కొన్ని పదార్థాలు గాజుపాత్రలోని కణాల్లో ఫ్లూ వైరస్‌ని, అమాంటడీన్ అనే పాత మందు కంటే బాగా అణచాయని ప్రకటించారు. ప్రపంచమంతా పతాక శీర్షికలు. ఆ తర్వాత? ఇంగువ నుంచి ఫ్లూ మాత్ర ఏదీ రాలేదు.

గాజుపాత్రలో వైరస్‌ని చంపేవి చాలా ఉన్నాయి. సబ్బునీళ్లు చంపుతాయి, చింతపండు పులుసు చంపినా ఆశ్చర్యపోను. తిన్నది కడుపులో అరిగి, కాలేయం దాటి, రక్తంలో కలిసి, గొంతులోని కణం దాకా సరిపడా మోతాదులో చేరాలి, చేరేసరికి మనిషికి హాని చెయ్యకూడదు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట దాదాపు అన్నీ రాలిపోతాయి. పసుపులోని కర్క్యుమిన్ సంగతే చూడండి. నోటితో మింగితే రక్తంలోకి చేరేది అతి స్వల్పం. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. పాలల్లో పసుపుతో పాటు చిటికెడు మిరియప్పొడి వేసిన పెద్దలకి ఈ లెక్క తెలియకపోయినా చెయ్యి మాత్రం సరిగ్గానే పడింది. అయినా రక్తంలోకి చేరడం ఒక మెట్టు, ఫ్లూని ఆపడం మరో మెట్టు. రెండోది ఎవరూ చూపించలేదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. సి విటమిన్ మీద అయితే బోలెడు. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పౌలింగ్ 1970లో దాని గురించి పుస్తకమే రాశాడు. పదకొండు వేలమందికి పైగా జనం మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ సి విటమిన్ తినే మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు కాస్త తొందరగా వదిలింది, పెద్దల్లో ఎనిమిది శాతం మేర. మారథాన్ పరుగులవాళ్లూ గడ్డకట్టే చలిలో కసరత్తు చేసే సైనికులూ మాత్రం నిజంగా లాభపడ్డారు. వెల్లుల్లి మీద చెప్పుకోదగ్గ పరీక్ష ఒక్కటే. ఇంగ్లండులో 146 మంది, పన్నెండు వారాలు. వెల్లుల్లి మాత్ర వేసుకున్నవాళ్లకి 24 జలుబులు, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి 65. ఆశ పుట్టించే లెక్కే, కానీ ఎవరి జలుబు వాళ్లే రాసుకున్నారు, పైగా వెల్లుల్లి వాసన దాగేది కాదు. డి విటమిన్ కొద్దిగా కాపాడుతుందని 2017లో ఒక పెద్ద సమీక్ష చెప్పింది. తర్వాత మరిన్ని పరీక్షలు చేర్చి చూస్తే ఆ లాభం పలచబడి లేనట్టే అయింది.

వీటిలో చాలావాటి లెక్క జలుబుదీ ఊపిరి జబ్బులన్నిటిదీ, ప్రత్యేకంగా ఫ్లూది కాదు. మనం రొంప, పడిశం, జలుబు, వైరల్ ఫీవర్, ఫ్లూ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకి పైనే. అవి వారంలో వాటంతట అవే పోతాయి, కాబట్టి ఏం తాగినా పనిచేసినట్టే ఉంటుంది. ఫ్లూ అలా కాదు. ఒక్కసారిగా పడదోస్తుంది, ఎముకలు విరిచినట్టు నొప్పులు, కొందరిలో నిమోనియా.

ఇక తియ్యటి గుళికల సంగతి. ఫ్రాన్స్‌లో కోట్లలో అమ్ముడుపోయే ఓసిలోకాక్సినమ్ అనే హోమియో ఫ్లూ మందు కథ తమాషాగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జోసెఫ్ రాయ్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తంలో వణుకుతున్న గుండ్రటి క్రిములని చూశానని, వాటికి ఆ పేరు పెట్టానని అన్నాడు. ఆయన తర్వాత వాటిని మరెవరూ చూడలేదు. మందు మాత్రం మిగిలింది. బాతు కాలేయాన్నీ గుండెనీ నూటికి ఒక వంతు చొప్పున రెండు వందలసార్లు పలచన చేసి తయారుచేస్తారు. ఆ లెక్కన ఒక్క బాతు అణువు దొరకాలంటే విశ్వమంత గుళిక మింగినా చాలదు. రాయ్‌ని చూసి మరీ నవ్వక్కర్లేదు. ఆ రోజుల్లో పేరున్న ప్రయోగశాలలు కూడా ఫ్లూకి కారణం ఒక బాక్టీరియా అనుకుని, దానికి టీకాలు చేసి, లక్షలమందికి పొడిచాయి. అవీ పనికిరాలేదు. అసలు వైరస్‌ని 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా పట్టుకునేదాకా అందరూ చీకట్లో బాణాలు వేసినవాళ్లే. వెలుతురు వచ్చాక కొందరు గురి మార్చుకున్నారు, కొందరు మార్చుకోలేదు. తేడా అంతే.

కృష్ణపట్నం దారిలో

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దారులన్నీ జనంతో నిండిపోయాయి. నాటువైద్యుడు ఆనందయ్య పంచే మందు కోసం అంబులెన్సుల్లో వచ్చినవాళ్లూ ఉన్నారు. అది కోవిడ్ కాలం, ఫ్లూ కాదు, కానీ అక్కడ జరిగిన చర్చ ఇక్కడికీ వర్తిస్తుంది. ఆకులు, దినుసులు పరిశీలించాక, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకి రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దంది. జనం చెవికి ‘అనుమతి’ అన్నది ‘పనిచేస్తుంది’ అని వినిపించింది. హాని లేదనడం వేరు, మేలు ఉందనడం వేరు. ఆ రోజు క్యూలో నిలబడ్డవాళ్లని మూఢులనడం నాకు ఇష్టం లేదు. ఆసుపత్రిలో మంచం లేదు, ఆక్సిజన్ లేదు, టీకా దొరకడం లేదు. ఉచితంగా, దగ్గరగా, తమ భాష మాట్లాడే మనిషి చేతి మీదుగా వచ్చినదాన్ని జనం అందుకున్నారు. వైద్యం జనానికి ఎంత దూరమైతే కషాయం మీద అంత బరువు పడుతుంది.

‘హాని లేదు’ అన్న మాట కూడా చూసి వాడాలి. కోవిడ్ కాలంలో తిప్పతీగ నెలల తరబడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులని ముంబయి వైద్యులూ, ఆ తర్వాత పలు ఆసుపత్రుల వైద్యులు కలిసీ ప్రచురించారు. ఆయుష్ శాఖ దానితో విభేదించింది, తిప్పతీగని పోలిన మరో తీగతో పొరబడి ఉంటారంది. ఆ మాటే నిజమనుకున్నా, దొడ్డి గోడ మీది తీగ ఏదో గుర్తుపట్టగలవాళ్లు మనలో ఎందరు? కషాయాల్లో పడే అతిమధురం రోజూ వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించడం ప్రాణం మీదికి తేవచ్చు. పొట్లంలో కట్టి పిల్లల మెళ్లో వేసే కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. మరుగుతున్న గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆవిరి పట్టిస్తూ పిల్లల తొడలు కాల్చిన ఇళ్లు ఎన్నో.

అన్నిటికంటే పెద్ద హాని జాగు. 2015 తొలి నెలల్లో తెలంగాణని స్వైన్ ఫ్లూ చుట్టేసినప్పుడు మా మామయ్య, సుగర్ మనిషి, ఐదు రోజులు కషాయాల మీదే గడిపాడు. ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే. ఆరోరోజున ఆయాసంతో తీసుకెళ్లాం. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. ఆ కషాయం కాచిచ్చింది నేనే.

టీకా పక్షాన, టీకా మీద

టీకాని దేవుణ్ని చెయ్యడం కూడా నాకు పడదు. తిరుగుతున్న రకంతో బాగా కలిసిన ఏడాదిలో ఫ్లూ టీకా జబ్బుని నలభై నుంచి అరవై శాతం వరకు తగ్గిస్తుంది. కలవని ఏడాది ఇంకా తక్కువ. పోలియో, తట్టు టీకాల గట్టితనం దీనికి లేదు. అయినా ఆసుపత్రి పాలవడాన్నీ ప్రాణం పోవడాన్నీ తగ్గించడంలో దీని సాయం పెద్దది. వేసుకున్న రోజు చెయ్యి పట్టేస్తుంది, కొందరికి ఒకరోజు వెచ్చబడుతుంది. సూదితో వేసే టీకాలో ఉన్నది చచ్చిన వైరస్సో దాని ముక్కలో, దాని వల్ల ఫ్లూ రాదు. ‘సహజం కాదు’ అనేవాళ్లకి ఒక చిన్న సంగతి: ప్రపంచంలో ఎక్కువ ఫ్లూ టీకాలు ఇవాళ్టికీ కోడిగుడ్లలోనే పెరుగుతాయి. ముల్లుని ముల్లుతో తీసే పద్ధతికి నాటువైద్యంలో కూడా ఎదురు లేదు.

మన దగ్గర అసలు తిరకాసు వేరే. పిల్లలకి ఉచితంగా వేసే జాతీయ టీకాల జాబితాలో ఫ్లూ లేదు. ప్రైవేటులో కొనుక్కోవాలి, అదీ ఏటా. నలుగురున్న ఇంటికి అది చిన్న ఖర్చు కాదు, కషాయమేమో రూపాయల్లో తేలిపోతుంది. కొనలేని ఇంట్లో ముందు ఎవరికి వేయించాలో తెలియాలి. గర్భిణులకి (తల్లి ప్రతిదేహాలు, ఆరు నెలలదాకా టీకా వేయకూడని పసిబిడ్డని కూడా కాపాడతాయి), అరవై ఐదు దాటినవారికి, సుగర్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి, ఆసుపత్రుల్లో పనిచేసేవారికి. ఎప్పుడన్నది మరో తికమక. అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేసి అక్టోబరులో వేయించుకో అమ్మా అంటారు. అక్కడి చలికాలానికి అది సరే. కాశ్మీరులో కూడా ఫ్లూ చలికాలపు జబ్బే. మనకి వానలతో ఎగబాకుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలలే మేలని మన పరిశోధకుల సూచన. ఇంగువ బెల్లం ఉండ కంటే ముందే అన్నమాట.

టీకా, మందు రెండూ కాని జాగ్రత్తలు లేవా? ఉన్నాయి, అవి చాలా సహజమైనవి కూడా. జ్వరం వచ్చిన పిల్లాణ్ని పరీక్ష ఉన్నా బడికి పంపకపోవడం. కిటికీలు తెరవడం. చేతులు సబ్బుతో కడుక్కోవడం. దగ్గేటప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోవడం. చరకసంహితలో జనపదోధ్వంసం అనే అధ్యాయం ఉంది. ఊళ్లకి ఊళ్లు ఎందుకు ఒకే జబ్బుతో పోతాయని చర్చిస్తూ గాలి, నీరు, నేల, కాలం చెడడాన్ని కారణాలుగా చెబుతుంది. వేల మందికి ఒకేసారి వచ్చేదాన్ని ఒక్కొక్కరి తిండి తీరుతోనే వివరించలేమని ఆనాడే గ్రహించారు. మన ఫోన్లలోని ఆయుర్వేదం మాత్రం చారు చెంబు దగ్గరే ఆగిపోయింది. నిద్ర సంగతి కూడా చెప్పాలి. రాత్రికి నాలుగు గంటలే పడుకోనిచ్చి ఫ్లూ టీకా వేస్తే, పది రోజులకి వాళ్లలో తయారైన ప్రతిదేహాలు మామూలుగా నిద్రపోయినవారితో పోలిస్తే సగం కూడా లేవని 2002లో ఒక పరీక్షలో తేలింది. కంటి నిండా నిద్ర టీకాకి బదులు కాదు, టీకాకి తోడు.

మొన్న మే నెలలో మా పిన్నిని టీకాకి తీసుకెళ్లాను. అరవై ఎనిమిదేళ్లు, ఆస్తమా. దారంతా అయిష్టంగానే ఉంది. లోపలికి వెళ్లాక డాక్టరమ్మని అడిగిన మొదటి ప్రశ్న: “ఈ సూది పొడిపించుకుంటే నేను మిరియాలు మానెయ్యాలా అమ్మా?” డాక్టరమ్మ చీటీ రాస్తూనే, “ఎందుకు పిన్నిగారూ, జలుబు రాకుండా పోతుందా ఏమిటి? అప్పుడు కావాలిగా” అంది. పిన్ని మొహం తేటపడింది. ఇంటికొచ్చాక ఎడమ చెయ్యి పట్టేసిందని నన్ను నాలుగు తిట్టి, కుడి చేత్తో రోకలి అందుకుంది. ఆ పూట చారు కాస్త ఘాటుగానే వచ్చింది.